పెద్దాయన గొంతు

మీరే చేశారు. కుక్కపిల్ల పిడుగు చెవి చీలిందంటే ఆ పాపం పెద్దాయనది కాదు, మీ ముగ్గురిదీ. బావా, గాలి డబ్బా పట్టుకుని వెంటపడింది నువ్వు. అక్కా, అన్నీ చూస్తూ కుట్టుమిషన్ మీంచి తల ఎత్తనిది నువ్వు. అత్తయ్యా, "హమ్మయ్య, ఇల్లు సద్దుమణిగింది" అని మురిసిపోయింది నువ్వు. ముసలికుక్క నోరు మీరే నొక్కారు. ఇప్పుడు చెప్పాపెట్టకుండా కరిచిందని దానికి చావు కూడా మీరే రాశారు. నాలుగింటికి పశువుల డాక్టరు వాన్ వస్తుందట, సూది వేసి "పంపించేస్తారట". ఎక్కడికి పంపిస్తారు? చుట్టాలింటికా? చంపుతారు అనడానికి కూడా ఈ ఇంట్లో ఒక్కరికి నోరు రాదు.

ఇప్పుడు రెండున్నర. నేను మీ బాత్రూములో గడియ వేసుకుని కూర్చున్నాను. పక్కన పెద్దాయన. ఒళ్ళో అక్క కొలతలు గీసుకునే ఖాకీ కాగితం చుట్ట, ఒక పెన్సిలు. అరిచి చెప్పేదాన్నే. మైకు లేకుండా కార్ఖానా గేటు దగ్గర నిలబడి మూడు షిఫ్టులకి వినిపించిన గొంతు నాది. కానీ ఈ గదిలో నా అరుపు నా చెవులకే అందడం లేదు. అందుకని రాస్తున్నాను. తలుపు కింద సందులోంచి తోస్తాను. మీరు చదివాక ఈ కాగితం మన క్వార్టర్స్ లైన్లో ప్రతి గుమ్మానికీ వెళ్తుంది. సంగతి తెలియనివాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి మొదట్నించీ చెప్తాను.

మా బావ కోల్డ్ స్టోరేజిలో ఆపరేటరు. నేను అక్కడే ప్యాకింగ్ హాల్లో పనిచేస్తాను, వీళ్ళ పక్క వాటాలో ఉంటాను. వాళ్ళ మిషన్ రూములో కొత్తగా చేరినవాడికి మొదటిరోజే ఒక పాఠం చెప్తారు: ముందు నొక్కు, తర్వాత చూడు. అక్కడ బజర్ మోగుతూనే ఉంటుంది. గ్యాస్ ఒత్తిడి కాస్త పెరిగినా, నూనె కాస్త తగ్గినా, ఏదో తలుపు సరిగ్గా పడకపోయినా మోగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఊరుకుంటుంది. నొక్కి, వెళ్ళి, ఏమైందో చూడాలి. పదేళ్ళు అదే పని చేసినవాడికి నొక్కడం మిగుల్తుంది, చూడ్డం పోతుంది. మా బావకి పదహారేళ్ళ సర్వీసు.

పెద్దాయనకి పదమూడేళ్ళు. వెనక కాళ్ళు పట్టేశాయి. లేవాలంటే ముందుకాళ్ళు చాచి, కాసేపు ఆలోచించి, అప్పుడు నడుము లాక్కుంటాడు. ఎడమకంట్లో పొర. చిన్నప్పుడు ఏం పేరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నడక చూసి అత్తయ్య "పెద్దాయనొచ్చారు, దారివ్వండి" అనేది, అదే నిలిచిపోయింది. అత్తయ్య అంటే మా బావ తల్లి. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది మనసైతే వింటుంది.

పిడుగు వచ్చి ఆరు వారాలు. తోటి ఆపరేటరు ఇంట్లో పుట్టిన కుక్కపిల్ల, మూడు నెలలది. "ముసలాడికి తోడు. దీంతో ఆడితే పడుచుతనం వస్తుంది" అని బావే చంకలో పెట్టుకొచ్చాడు. అక్క ఎదురుచెప్పలేదు. అక్క పొద్దస్తమానం ముందుగదిలో చొక్కాలు కుడుతుంది. ఆ గది నిండా కుట్టుమిషను, ఇస్త్రీబల్ల, ఇనపబీరువా, గుడ్డ తానులు. మిగిలిన సందులో రెండు కుక్కలు.

పిడుగుది ఆటే, కాదనను. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి, ప్రపంచమంతా వాటితోనే తెలుసుకుంటుంది. కానీ ఆటకి ఇద్దరు కావాలి. ఒకటి తరుముతూ, ఇంకొకటి పారిపోతూ ఉంటే దాన్ని ఆట అనరు. అది పెద్దాయన చెవికి వేలాడేది. మడమలు కొరికేది. పడుకున్నవాడి నడుం మీదికి దూకేది, సరిగ్గా నొప్పి ఉన్నచోటికి. నీళ్ళగిన్నె దగ్గర నిలబడనిచ్చేది కాదు.

పెద్దాయన ముందు మొహం తిప్పుకున్నాడు. మూతి నాక్కున్నాడు. లేచి వంటగదిలోకి పోతే అదీ పోయింది, స్టూలు కింద దూరితే అదీ దూరింది. తోక బిగిసింది, కంటి తెల్లగుడ్డు బయటపడింది. ఇవన్నీ మాటలే. వినడానికి ఎవరూ తల తిప్పలేదు. అప్పుడు గుర్రుమన్నాడు, ఎక్కడో పొట్ట అడుగునుంచి. పిడుగు టక్కున చెవి వదిలేసి పొట్ట నేలకి ఆనించింది. అంతే. ఒక్క చుక్క రక్తం రాకుండా పిల్లకి బుద్ధి వచ్చింది. అక్కడితో వదిలేసి ఉంటే నేనివాళ ఈ తడినేల మీద కూర్చునేదాన్ని కాదు.

"ఏంట్రా ఆ గుర్రు? పసిదాని మీద నీ ప్రతాపమా?" అని లేచాడు బావ. "పెద్దాడివి, సర్దుకోవాలి!" డ్యూటీ సంచిలోంచి గాలి డబ్బా తీశాడు. మిషన్ రూములో బోర్డుల మీద దుమ్ము ఊదడానికి ఇస్తారు. మీట నొక్కితే బుస్సుమంటుంది, చల్లటి గాలి కొడుతుంది. పెద్దాయన ముక్కు మీద పెట్టి ఒక్కటి కొట్టాడు.

"దాని మొహాన కొడతావేంటి బావా? అది చెప్పింది, పిల్ల విన్నది. మధ్యలో నీకేంటి నొప్పి?"

"చెవులు నొప్పి, జెండాగారూ." కార్ఖానాలో నన్నందరూ జెండా అంటారు, బావ 'గారు' తగిలిస్తాడు. "ఎనిమిది గంటలు ఆ బజర్ విని వచ్చా. కొంపకొచ్చినా ఇదే గోలా?"

"ఎందుకు మోగిందో వెళ్ళి చూశావా ఎప్పుడైనా?"

"చూశాం, చూశాం. ఏం, కుక్కలకి కూడా యూనియన్ పెడతావా?"

"పెడతా. నీకు మాత్రం సభ్యత్వం ఇవ్వను."

"నామీద కూడా ఓసారి కొట్టరా ఆ గాలి, నీ పెళ్ళాం సుఖపడుతుంది" అంది అత్తయ్య మంచం మీంచి.

"నోట్లో పిన్నులున్నాయి, నవ్వించకండత్తయ్యా" అంది అక్క.

నవ్వాం. నేనూ నవ్వాను. ఆ తప్పు నాది, రాసుకోండి.

తొమ్మిది రోజులు పట్టింది. గుర్రుమన్నప్పుడల్లా బుస్సు. తొమ్మిదోరోజు తర్వాత పెద్దాయన కిమ్మనలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా మొరగలేదు. నిద్రలో కూడా కుయ్యిమనలేదు. పిడుగు చెవి పట్టి లాగితే తల అటే వాల్చి, గది మూలకి మొహం పెట్టి నిలబడేవాడు.

"చూశావా? ఎలా సర్దుకున్నాడో!" అన్నాడు బావ.

"నిన్ను ఇలాగే సర్దేసింది మేనేజరు" అన్నాను. బావకి కోపం రాలేదు. రావాల్సిన చోట ఎప్పుడూ రాదు.

ఆరోజు పెద్దాయన పక్కన కూర్చుని మెడ నిమిరాను. చెయ్యి గొంతు మీదికి వెళ్ళగానే ఆగిపోయింది. గొంతు అదురుతోంది. లోపల యంత్రం తిరుగుతున్నట్టు, సన్నగా, ఆగకుండా. నోరు మూసే ఉంది. చెవి ఆనించి విన్నాను, ఏమీ లేదు. మళ్ళీ అరచెయ్యి పెట్టాను, అదురుతోంది. అప్పుడే పిడుగు వచ్చి ఆయన పెదవి పట్టుకుని ఊగింది. గొంతులో అదురు రెట్టింపైంది, నా మోచేతి దాకా పాకింది. చప్పుడు మాత్రం లేదు.

"అక్కా, ఒకసారి ఇటొచ్చి చెయ్యి పెట్టు."

"ఈ కాలరు అయిపోనీవే, ఇవాళ ఇచ్చెయ్యాలి."

కాలరు అయిపోయింది, ఇంకో కాలరు మొదలైంది.

మూడు రోజుల తర్వాత మొదట విన్నది అత్తయ్య. అదే నాకు భయం వేసిన సంగతి. పిలిస్తే పలకని మనిషి స్నానం మధ్యలో తడిచీరతో బయటికొచ్చేసింది.

"ఎవరే తూములో గుర్రుమంటున్నది?"

"మీకెలా వినపడిందత్తయ్యా?" అంది అక్క.

"నాకే వినపడిందంటే ఎంత గట్టిగా అంటుందో చూసుకో!"

వెళ్ళి వంగి విన్నాను. నీళ్ళు పోయే తూములోంచి వస్తోంది. పెద్దాయన గుర్రే. మనిషి దగ్గు గుర్తుపట్టినట్టు పట్టొచ్చు. బయటికొచ్చి చూస్తే పెద్దాయన వాకిట్లో ఎండలో నిలబడి ఉన్నాడు, పిడుగు తోక పట్టుకుని లాగుతోంది. ఆయన నోరు మూసుకునే ఉన్నాడు. పిడుగు తోక వదిలింది, తూము ఆగింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ మొదలైంది.

తర్వాత కుట్టుమిషన్ బల్లకింద. ఆ తర్వాత ఇనపబీరువాలో, మడతపెట్టిన చొక్కాల వెనక. ఆ తర్వాత ముందుగది గోడలో. పెద్దాయన దగ్గర ఆగిపోయిన గుర్రు ఎక్కడ వీలైతే అక్కడ బయటపడుతోంది. ఫ్రిజ్ మోటారు అన్నాడు బావ. ఫ్రిజ్ తీగ పీకేశాం, గుర్రు ఆగలేదు. పైపుల్లో గాలి అన్నాడు. నీళ్ళు కట్టేశాం, ఆగలేదు.

నాకు చలి పుట్టించింది పిడుగు. ఒక సాయంత్రం పెద్దాయన మెడకి వేలాడుతూ ఉంది. గోడ గుర్రుమంది. పిడుగు మెడ వదిలేసి, గోడ వైపు తిరిగి, పొట్ట నేలకి ఆనించింది. చెవులు వెనక్కి పెట్టి, తోక నేలమీద ఆడిస్తూ గోడకి దణ్ణం పెడుతున్నట్టు పాకింది. కాసేపటికి లేచి, గోడని దూరంనుంచి చుట్టి వచ్చి, మళ్ళీ పెద్దాయన మెడ పట్టుకుంది. ఆ పిల్లకి అర్థమైంది అదే మరి: ఈ ఇంట్లో భయపడాల్సింది గోడకి. ముసలాయన్ని ఏం చేసినా ఫరవాలేదు.

"బావా, కళ్ళతో చూశావు కదా. ఆ గుర్రు ఆయనకి తిరిగిచ్చెయ్యి. ఇద్దర్నీ విడదియ్యి. పిల్లని తాడుకి కట్టు."

"విడదీస్తే ఎలా కలుస్తాయే? వాటికవే తేల్చుకోవాలి."

"ఒకదాని నోరు కట్టేసి తేల్చుకోమంటే ఎలా తేల్చుకుంటుంది?"

"ఈ ప్రసంగం గేటు దగ్గర చెయ్యి, చప్పట్లు కొడతారు" అని గాలి డబ్బా తీశాడు. గోడ దగ్గరికి వెళ్ళి బుస్సుమనిపించాడు. నేను నవ్వబోయాను. గోడ ఊరుకుంది. ఊరుకుందంటే పూర్తిగా. వేళ్ళతో కొట్టి చూశాను, దూది మీద కొట్టినట్టుంది. బావ మొహంలో ఆ తృప్తి నేను మిషన్ రూములో చూసిందే, బటన్ నొక్కాక కనపడేది. బీరువాకి కొట్టాడు, కిర్రుమనే తలుపు ఆరోజునుంచి కిర్రుమనలేదు. కుట్టుమిషన్ బల్లకి కొట్టాడు. బాత్రూములోకి వెళ్ళి తూముకి, నాలుగు గోడలకి, బకెట్టుకి, డబ్బా ఖాళీ అయ్యేదాకా కొట్టాడు. కొత్త డబ్బా తెచ్చుకుని, గోడ వైపు చూసి ఏడుస్తోందని పిడుగు మూతికి కూడా కొట్టాడు.

ఇల్లు సద్దుమణిగింది. అక్క మిషన్ తొక్కుతుంటే సూది కిందికీ పైకీ ఆడుతుంది, టకటక లేదు. దారం తెగితే చెవికి తెలుస్తుంది కుట్టేవాళ్ళకి. తెలియక ఆరు చొక్కాల పక్కకుట్లు దారం లేకుండా కుట్టుకుంటూ పోయింది. ఎత్తి చూపిస్తే వరసగా చిల్లులు, రెండు ముక్కలూ రెండు చేతుల్లోకి వచ్చాయి.

"పోన్లే, తలనొప్పైతే తగ్గింది" అంది నా తోడబుట్టింది.

ఇక నిన్న. రెండింటికి షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య కునుకు తీస్తోంది. అక్క వంగి కుడుతోంది. ఆమె వీపు వెనక, బీరువాకీ ఇస్త్రీబల్లకీ మధ్య సందులో పెద్దాయన ఇరుక్కుని ఉన్నాడు. పిడుగు ఎదురుగా నిలబడి మెడ కింద వేలాడే చర్మం పళ్ళతో పట్టి, తల విదిలిస్తూ లాగుతోంది. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను, ప్రమాణం చేసి చెప్తాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. మూతి నాక్కున్నాడు. వెనక్కి జరగబోయాడు, వెనక గోడ. పెదవి పైకెత్తాడు, పళ్ళన్నీ కనిపించాయి, పక్కలు అదిరాయి. నోటినుంచి ఏమీ రాలేదు. పిడుగు చూడనైనా చూడలేదు. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ. మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి కరిచాడు.

పిడుగు నోరు ఇంతలా తెరుచుకుంది. కేక రాలేదు. దానికీ కొట్టావుగా బావా! రక్తం నేలమీద పడుతోంది, రెండు కుక్కలు పెనుగులాడుతున్నాయి, బొమ్మల్లా, ఉలుకూ పలుకూ లేకుండా. మూరెడు దూరంలో మా అక్క కాలరు తిప్పి కుడుతోంది. నేను అరిస్తే తిరిగి చూసింది.

సాయంత్రం బావ తీర్పు చెప్పాడు. "చెప్పకుండా కరిచే కుక్కని ఇంట్లో ఉంచకూడదు."

"మూడుసార్లు చెప్పాడు. నేను చూశాను."

"నాకేం వినపడలేదు" అన్నాడు.

"నాకూ వినపడలేదే" అంది అక్క.

అత్తయ్య మాత్రం చెయ్యి బీరువా మీద ఆనించి, ఏదో కాలినట్టు వెనక్కి తీసుకుంది. అడిగితే మొహం తిప్పుకుంది. నాకు కనపడలేదనుకోకు అత్తయ్యా.

పిడుగు చెవికి గుడ్డ చుట్టారు. పెద్దాయన్ని బాత్రూములో వేసి, వాన్‌కి ఫోన్ చేశారు. ఇవాళ మధ్యాహ్నం మీరు అన్నాల దగ్గర ఉండగా నేను లోపలికొచ్చి గడియ వేశాను.

లోపల ఎలా ఉందో చెప్తాను వినండి, కాదు, చదవండి. కుళాయి తిప్పితే నీళ్ళు పడుతున్నాయి, చప్పుడు లేదు. చెంబుతో బకెట్టుని బాదాను, లేదు. అక్క పేరు పెట్టి అరిచాను, నోరు తెరుచుకుంది, నరాలు ఉబ్బాయి, ఏమీ లేదు. తలుపు కింద సందులో మీ కాళ్ళ నీడలు కదులుతున్నాయి. గడియ ఎగిరెగిరి పడుతోంది, బాదుతున్నారన్నమాట. ఇక్కడ నాకు అదంతా మూగబొమ్మలా కనిపిస్తోంది. చెవుల్లో నా నెత్తురు తిరిగే చప్పుడైనా ఉండాలిగా, అదీ లేదు.

ఒక చెయ్యి పెద్దాయన గొంతు మీద ఉంది. అదురుతోంది. ఆగలేదు, ఇరవై రోజులుగా ఒక్క క్షణం ఆగినట్టు లేదు. రెండో చెయ్యి పెన్సిలు వదిలి నా గొంతు మీద పెట్టాను. నాదీ అదురుతోంది. నేనప్పుడు అరవడం లేదు. నోరు మూసుకునే ఉన్నాను. వీపు గోడకి ఆనించాను, గోడ అదురుతోంది. కింద నేల. తూము మీది జల్లెడ. గడప. నువ్వు కొట్టిన ప్రతిచోటా ఉంది బావా. చప్పుడే పోయింది, గుర్రు పోలేదు. ఇల్లంతా మిమ్మల్ని చూసి పళ్ళు బయటపెట్టి ఉంది, మీరు అందులో కాళ్ళు చాపుకుని అన్నం తింటున్నారు.

పెద్దాయన తలుపు వైపు చూస్తున్నాడు. ఇప్పుడే పెదవి ఎత్తాడు. ఒకటి. నేనైతే వీపు నిమిరి ఆపుతాను. వాన్ మనిషి తలుపు పగలగొట్టి చెయ్యి పెడితే ఆపలేను, ఆపను.

కాబట్టి ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను, బేరాల్లేవు. వాన్‌కి ఫోన్ చేసి సూది వద్దని చెప్పండి. డాక్టరు కావాలంటే రావచ్చు, పెద్దాయన నడుముకి మందిచ్చి, పిడుగు చెవికి కుట్టు వేసి పోవాలి. వంటగది గుమ్మానికి ఈ పూటే అడ్డచెక్క కొట్టు బావా. చెక్కకి లోపల పెద్దాయన పక్క, ఆయన నీళ్ళు, ఆయన తిండి. పిడుగు అక్కడికి పోకూడదు. దాని మెడకి తాడు, ఆ తాడు కొస ఎవరో ఒకరి చేతిలో. పొద్దునా సాయంత్రం దాన్ని బయట పరిగెత్తించి తీసుకురా, డ్యూటీ అయ్యాక కాళ్ళు నొప్పులంటే కుదరదు, తెచ్చింది నువ్వు. కొరకడానికి అక్క తుండుగుడ్డలు ముడేసి ఇవ్వాలి. రెంటినీ కలపాలంటే అయిదే నిమిషాలు, మధ్యలో మనిషి కూర్చుని. ఆయన మొహం తిప్పుకోగానే పిల్లని ఎత్తెయ్యండి. గుర్రుమనేదాకా ఆగొద్దు. ఏరోజుకైనా ఆయన మళ్ళీ గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. పిల్లని తీసుకుపోండి, అంతే మీ పని.

ముందు తలుపు బాదడం ఆపండి. ముగ్గురూ అరచేతులు గోడకి ఆనించండి. అత్తయ్యా, నువ్వు కూడా. అదురు తగిలేదాకా తియ్యొద్దు. తగిలిందా? ఇక ఫోన్ తియ్యి బావా, నాలుగు కాకముందే వాన్‌ని ఆపు.